బోర్లా పడుకుని విన్న ప్రేమకథ

ఆయనది కళ్ళజోళ్ళ షాపు. వీధిలో అందరూ ఆయన్ని తీర్పులాయన అనేవాళ్ళు. ముక్కు మీద ఫ్రేము సరిచేస్తూ, చెవి వెనక ఎక్కడ ఒరుసుకుంటోందో చూస్తూ, ఎదుటివాళ్ళు కదలడానికి వీల్లేని ఆ కాసేపట్లోనే మొన్న చూసిన సినిమా మీదో, నిన్న ముగించిన నవల మీదో తీర్పు చెప్పేసేవాడు.

"దయ్యం సినిమాలో దయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ పెట్టారంటే లేచి వచ్చెయ్యండి. అది పడ్డ కష్టాలన్నీ విన్నాక ఇంకేం భయం? పాపం, కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వాలనిపిస్తుంది."

రాకెట్లు ఎగిరే సినిమాలంటే ఆయనకి ప్రాణం. అంతరిక్షంలో చప్పుడు వినిపించదండీ అని ఒక సైన్సు మేష్టారు మొదలుపెట్టబోతే, "అయితే మీరు చెవులు మూసుకుని చూడండి, మా సరదా పాడుచెయ్యకండి" అని మేష్టారి ఫ్రేము మేష్టారి చేతిలోనే పెట్టేశాడు. గూఢచారి సినిమాలు మాత్రం గిట్టవు. నలుగురి కంటా పడకూడనివాడు ఎర్రకారులో ఎందుకు తిరుగుతాడన్నది ఆయన ప్రశ్న. దానికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

అన్నిటికన్నా పెద్దపీట డిటెక్టివ్ నవలకి. దగ్గరి చూపు పరీక్షకి అందరూ వాడే అట్ట పక్కన పడేసి, హత్య జరిగిన పేజీ తెరిచి చేతికిచ్చి చదవమనేవాడు. ఒకావిడ కొత్త జోడు పట్టుకెళ్ళిన మర్నాడే మళ్ళీ వచ్చింది.

"చూపు ఆనడం లేదామ్మా?"

"చూపు దివ్యంగా ఉంది. ఆ మేడ మీంచి పెద్దాయన్ని తోసేసిందెవరో చెప్పండి. నాకు ఒక పనీ తోచడం లేదు."

ఇక ప్రేమ నవలల మీద ఆయన తీర్పు రెండు ముక్కల్లో తేలిపోయేది. "మొదటి పేజీలో కొట్టుకుంటారు, చివరి పేజీలో కట్టుకుంటారు. మధ్యలో వాన."

ఈ మాట కాస్త గొంతు పెంచి మరీ అనేవాడు. ఎందుకంటే మేడ మీద వాటాలో ఉండే అక్కకి వినిపించాలి. అక్కకి ప్రేమ నవలలంటే పిచ్చి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవికి తొడుగు పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ కలిపిన మనిషి. రిటైరయ్యాక కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పుస్తకం మీద పుస్తకం నమిలేస్తూ ఉండేది. తమ్ముడి తీర్పు వినపడ్డప్పుడల్లా పైనుంచి ఒకటే జవాబు వచ్చేది. "నీ హత్యలు నువ్వు చేసుకో, నా పెళ్ళిళ్ళు నన్ను చేసుకోనీ!"

ఒకరోజు పొద్దున్నే ఆవిడ గోడ పట్టుకుని మెట్లు దిగి షాపులోకి వచ్చింది.

"ఏరా, ఏం అద్దాలిచ్చావు నాకు? ఓ పక్కంతా మసిబారిపోయింది."

ఆయన నవ్వుతూ జోడు అందుకుని మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాడు. మసి పోలేదు. ఈసారి జోడు తీసేసి, ఒక్కో కన్నూ మూసుకుంటూ వట్టి కంటితో తన మొహం చూడమన్నాడు.

"నీ గడ్డం కనపడట్లేదు. కింద నుంచి నల్లటి తెర లేస్తున్నట్టుంది."

ఆయన మొహంలో నవ్వు ఎగిరిపోయింది. అద్దాల సంగతి తెలిసినవాడే గానీ ఇది అద్దాలతో తేలే వ్యవహారం కాదని అర్థమైంది. షట్టరు సగం దించి, ఫ్రేము కోసం కూర్చున్న మనిషికి క్షమాపణ చెప్పి, అక్కని ఆటో ఎక్కించాడు. కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, కంటి వెనక పొర ఊడిందనీ, ఆలస్యం చేయకుండా తెచ్చారనీ చెప్పి, ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసింది.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. కంట్లో గాలి బుడగ పెట్టారు. అది పొరని సరిగ్గా వెనక్కి నొక్కి ఉంచాలంటే మనిషి బోర్లా పడుకోవాలి, లేచి కూర్చున్నా తల వంచే ఉంచాలి. టీవీ వద్దు, చదవడం అసలే వద్దు. మధ్యలో గుండ్రటి ఖాళీ ఉన్న దిండులో మొహం పెట్టుకుని అక్క మంచం మీద బోర్లా పడుకుంది. ఒక పూటకే ఆవిడ ఓపిక నశించింది.

"నా నవల సగంలో ఆగిపోయింది. ఎవరో ఒకరు చదవండర్రా," అంది దిండులోంచి.

తమ్ముడి భార్య చేతులెత్తేసింది. "వదినా, నాకు పుస్తకం పట్టుకుంటే నిద్రొచ్చేస్తుంది. ఆయన్నే చదవమనండి, నోరు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి అంటూనే ఉంటారు."

అలా తీర్పులాయన మంచం పక్కన చాప వేసుకుని ప్రేమ నవల చేత పట్టాడు. కథానాయిక పశువుల డాక్టరు. కథానాయకుడు గుర్రాల ఫారం యజమాని, ఒట్టి పొగరుబోతు. పెళ్ళివిందులోకి దారితప్పి వచ్చిన సింహంలా ఉన్నాడు మనిషి అని ఆయన మధ్యలో అన్నాడు. అక్క చదవమంది. వాన పేజీలు రాగానే ఆయన గబగబా తిప్పేసి, "తర్వాత ఇద్దరూ ఇల్లు చేరారు" అన్నాడు.

"ఆగు," అంది అక్క. "ఫారం దగ్గర మబ్బేసిందన్నావు. ఇంట్లో చెప్పులు తడిగా ఉన్నాయన్నావు. మధ్యలో వాన ఏమైంది?"

"ఎలా కనిపెట్టావు?"

"చెవులతోనే బతికినదాన్నిరా నేను. వెనక్కి తిప్పు."

వెనక్కి తిప్పాడు. నిజం చెప్పాలంటే వాన బాగానే ఉంది. తడిసిన పశువుల పాకలో ఇద్దరూ ఈనుతున్న గుర్రానికి సాయం చేస్తుంటారు. ప్రేమ గురించి ఒక్క మాటైనా ఉండదు. బకెట్టు ఇటివ్వు, లాంతరు పట్టుకో, ఇంతే. ఆయన ఆ పేజీలు కొంచెం నెమ్మదిగా చదివాడు.

ఆ తర్వాత మందుల షాపతను వచ్చాడు కథలోకి. నెమ్మదైన మనిషి. పశువుల డాక్టరమ్మ అడక్కముందే మందులు సిద్ధం చేసి ఉంచుతాడు, ఏనాడూ పెద్దగా మాట్లాడడు. తీర్పులాయన ఆ మనిషి పక్షం చేరిపోయాడు.

"ఇతనికేం తక్కువ? ఆ గుర్రాలవాడిలో ఏం చూసింది ఆ పిల్ల?"

"నీకు షాపులవాళ్ళంటే అభిమానం. ఈ అబ్బాయి మంచివాడే, కానీ ఆవిడతో ఒక్కసారైనా పోట్లాడాడా?"

"పోట్లాడకపోవడం కూడా తప్పేనా?"

"పోట్లాడటం కాదురా. అడగాలి కదా. మనసులో పెట్టుకుని మాత్రలు కడితే ఆవిడకెలా తెలుస్తుంది?"

ఆయన మర్నాడు షాపులో కౌంటరు వెనక కూర్చుని, అక్కకంటే ముందుగా రెండు అధ్యాయాలు చదివేశాడు. వెనకనుంచి భార్య వచ్చి, "ఎదురుగా మనిషి నించున్నాడు, చూశారా?" అనేదాకా ఆయనకి లోకం తెలియలేదు.

ఒక సాయంత్రం చదువుతుంటే అక్క దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నిద్రపోయిందేమోనని ఆపాడు.

"ఒరేయ్," అంది దిండులోంచి. "చూపు రాకపోతే?"

ఆయన పుస్తకం మూసి, అక్క పాదం మీద చెయ్యి వేశాడు.

"వస్తుంది. రాకపోతే నీ అలమరా మొత్తం నేను చదివి చావాలి. దానికోసమైనా వస్తుంది."

దిండు కదిలింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. మొహం ఎత్తకుండానే ఆవిడ అంది.

"ఎక్స్ఛేంజిలో నేను కలపని కబురు లేదు. అవతల గొంతు మారగానే తెలిసిపోయేది, ఎవరో పోయారని. కానీ తీగ కలిపేదాకా అది మంచి కబురో చెడ్డ కబురో తెలిసేది కాదు. అందుకే నాకీ పుస్తకాలు. చివరికి అంతా బాగుంటుందని ముందే తెలుసు. భయపడకుండా వినొచ్చు."

"నా డిటెక్టివ్ నవలలూ అంతే కదక్కా. ఎన్ని చావులు జరిగినా చివరికి దొంగ దొరుకుతాడు."

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు ఏడిపించావు?"

"నువ్వు పైనుంచి అరుస్తుంటే బాగుండేది," అన్నాడు ఆయన.

కన్ను మళ్ళీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు నవల అయిపోయింది. కథలో పశువుల డాక్టరమ్మ గుర్రాలవాణ్ణే చేసుకుంది. మందుల షాపతను ఊరు వదిలి వెళ్ళిపోయాడు. తీర్పులాయన కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. "అంత మంచివాణ్ణి అలా వదిలేస్తారా? రాసినావిడకి మనసెలా వచ్చింది?" అంటే భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది.

ఆసుపత్రిలో అక్క గోడ మీద అక్షరాలు పై నుంచి ఒక్కో వరుసా చదువుతూ దిగింది. చిన్న అక్షరాల దగ్గర తడబడింది. నిట్టనిలువు గీతలు కొద్దిగా వంకరగా కనిపిస్తున్నాయంది. అది పూర్తిగా పోకపోవచ్చు గానీ పొర అతుక్కుందని డాక్టరు చెప్పింది. తమ్ముడు కారిడార్లోకి వచ్చి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

కన్ను కుదుటపడ్డాక అక్కకి కొత్త జోడు తనే దగ్గరుండి చేయించాడు. దగ్గరి చూపు పరీక్షకి ఆవిడ చేతికి ఒక ప్రేమ నవలే ఇచ్చాడు. వేరే రచయిత్రిది, ఇంతవరకూ ఇద్దరూ చదవనిది. అక్క ఒక పేజీ చదివి చూపు సరిపోయిందంది. ఆయన పుస్తకం వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు బేరాలు పలచబడే వేళకి ఆవిడ షాపులోకి దిగి, ఎత్తు స్టూలు మీద కూర్చుని పైకి చదువుతుంది. ఆయన లెన్సు అంచులు అరగదీస్తూ వింటాడు. మొన్న ముక్కు ప్యాడ్లు మార్పించుకోవడానికి ఒకతను వచ్చాడు. కథలో అమ్మాయి రైలు దిగి స్టేషన్లో ఒంటరిగా నించుని ఉంది.

"ఒక్క నిమిషం కూర్చోండి, ఈ పేజీ అయిపోతుంది," అన్నాడు తీర్పులాయన.

అతను కూర్చున్నాడు. పేజీ అయిపోయాక, "అబ్బాయి వస్తాడంటారా?" అని అడిగాడు.