మూడో ట్రేలో ఓట్లు

దివిసీమలో జరిగిన ఆ జడ్పీటీసీ ఉప ఎన్నిక గురించి బందరు బస్సులో ఇప్పటికీ ఒకటే కథ చెబుతారు: సముద్రం పక్క ఊళ్ళన్నీ కట్టకట్టుకుని చిన్న పార్టీకి గుద్దేశాయని. ఎవరు చూశారండీ? అన్ని పెట్టెల ఓట్లూ ఒకే డ్రమ్ములో పోసి కలిపినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏ ఊరు ఎటు వేసిందో తెలియకూడదనే అలా కలుపుతారు. నాకే తెలియనిది వీళ్ళకెలా తెలిసింది?

మూడేళ్ళ కిందటి మాట. నేను బందరులో హైస్కూలు లెక్కల టీచర్ని. ఎన్నికలొస్తే కౌంటింగ్ సూపర్‌వైజర్ని, అంటే ఒక టేబుల్‌కి పెద్దని. బ్యాలెట్ కాగితం విప్పి, ముద్ర ఏ గుర్తు మీద ఉంటే ఆ అభ్యర్థి ట్రేలో వేయాలి. ఇరవై ఐదు కాగానే రబ్బరు బ్యాండు వేసి, పైన పేరు చీటీ పెట్టాలి. ఆ రోజు పోటీలో నలుగురు, ప్రతి టేబుల్ మీదా ట్రేలు మూడు. రెండు పెద్ద పార్టీలకు చెరొకటి. చిన్న పార్టీకీ, ఒక ఇండిపెండెంటుకీ కలిపి మూడోది. ఎప్పుడూ అంతే. "వాళ్ళిద్దరికీ కలిపి గుప్పెడు రావు, చివర్లో విడదీద్దాం" అన్నది నేనే.

పదకొండింటికల్లా మూడో ట్రే నిండిపోయింది. పైకి కనిపించిన కాగితం ఇండిపెండెంటుది కావడంతో, మా అసిస్టెంటు విడదీయకుండానే కట్టలు కట్టి అతని పేరు రాసేశాడు. నేను చూడకుండా సంతకం పెట్టేశాను.

వలకంచె అవతల చిన్న పార్టీ ఏజెంటు నాగేంద్రమ్మ కూర్చుని ఉంది. ఎండుచేపలు అమ్ముతుంది.

"మేడంగారూ, మా కట్ట ఏదండీ? పొద్దుటి నించీ మా గుర్తు కళ్ళబడతానే ఉంది, కట్ట మాత్రం లేదు."

పక్కనున్న పెద్ద పార్టీ ఏజెంటు నవ్వాడు. "ఊరుకో అక్కా, డిపాజిట్ పోయేదానికి కట్టెందుకు?"

"పోతే పోయిద్ది తమ్ముడూ. నాదేదో నాకు చూపించి పోనీ."

ఒక కట్ట విప్పాను. పైన ఒక్కటే ఇండిపెండెంటుది. కింద దాదాపు అన్నీ ఆవిడ పార్టీవే. తల కొట్టేసినట్టయింది. నేరుగా రిటర్నింగ్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, అన్ని టేబుళ్ళ మూడో ట్రే కట్టలూ విప్పించాలన్నాను. ఆయన గడియారం చూసుకున్నారు.

"భోజనాలొచ్చేశాయి మేడం. గెలిచేదెవరో తెలిసిపోయిందిగా. ఇప్పుడు విప్పితే మన సంతకాలు తప్పని మనమే ఒప్పుకున్నట్టు."

"తప్పేగా సార్. మొదట నా పేరే రాసుకోండి. విప్పకుండా మాత్రం ఫలితాల షీటు మీద సంతకం పెట్టను."

"మీతో ఎప్పుడూ ఇంతే."

"మా స్కూల్లోనూ అదే అంటారండీ."

విప్పారు. ఇంకో రెండు టేబుళ్ళ మీదా అదే బాగోతం. సాయంత్రానికి గెలుస్తారనుకున్నవాళ్ళే గెలిచారు గానీ, అనుకున్న మెజారిటీ నీరుగారిపోయింది. లెక్కలోనే లేని పార్టీ రెండో స్థానంలోకొచ్చి, రెండో పెద్ద పార్టీని మూడుకి నెట్టింది. బయట జీపుల్లో టపాకాయలు అలాగే ఉండిపోయాయి.

నాగేంద్రమ్మ చెప్పులు వేసుకుంటూ అంది: "ఓడిపోయాంలెండి. ఇకనించైనా మేం లేనట్టు మాట్టాడ్డానికి లేదుగా."

అప్పట్నుంచి, అభ్యర్థులు ఎందరో అన్ని ట్రేలు వచ్చేదాకా నేను మొదటి కాగితం విప్పను. ఎవరు విసుక్కున్నా సరే. అయినా ఒకటి మాత్రం తేలలేదు. అంతకుముందు ఎన్నో కౌంటింగుల్లో, కట్ట ఏదని అడిగే నాగేంద్రమ్మ లేని టేబుళ్ళ మీద, మూడో ట్రే కట్టలకు నేను సంతకాలు పెట్టాను. ఆ పార్టీకి ఓట్లు ఆ ఏడాదే పుట్టుకొచ్చాయా, లేక మేం కట్ట విప్పింది ఆ ఏడాదేనా?