రెండు బల్లల మధ్య మా పక్కింటి అత్త

మా పక్కింటి అత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున్న మినప్పప్పు కడుగుతూ గోడకి ఆనుకుని కూర్చుంది. "కోడలా, కాసిన్ని నీలు తే" అంది. నేను గ్లాసుతో వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉంది. పని మధ్యలో అలా ఒక్క నిమిషం కళ్ళు మూసుకోవడం ఆమెకి అలవాటే. అందుకని గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తొందరపెట్టడం ఆమె పని, నాది కాదు.

ఆమె నాకు చుట్టం కాదు. పెళ్ళయి గోదావరి జిల్లా నుంచి పెందుర్తి వైపు ఈ కాలనీకి వచ్చినప్పుడు, మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుకి పోతే నేను ఒక్కదాన్నే ఇంట్లో కూర్చుని గోడల్ని చూస్తూ ఉండేదాన్ని. రెండో రోజు పక్కింటి గోడ మీంచి ఒక తల లేచింది. "నీలొచ్చేసినాయి, బేగి రా!" అని అరిచి మాయమైంది. బేగి అంటే తొందరగా అని నాకేం తెలుసు? బ్యాగు తెమ్మంటోంది కాబోలనుకుని కూరగాయల సంచీ పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను. వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ బిందెలు దించి మరీ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. తన రెండో బిందె నాకిచ్చి, "సంచీతో నీలు మోసుకెల్తావేటి కోడలా?" అని సీరియస్‌గా అడిగింది. నేను "అత్తయ్యగారూ" అన్నాను. "గారు ఎవులే? నాను అత్తనే" అంది. ఆ రోజు నుంచి అత్తే.

అత్త భర్త పోర్టులో కలాసీగా చేస్తూ జబ్బుచేసి పోయాడు. పిల్లల్లేరు. చూపు లేని అత్తగారొకావిడ ఉండేది, ఆ ముసలమ్మకి ఈవిడే దిక్కు. వితంతు పింఛను, తెల్లకార్డు మీద వచ్చే బియ్యం, వాటితో ఇద్దరూ బతకాలి. అవి చాలక అత్త దోసెల పిండి రుబ్బి అమ్మేది. మా కాలనీలో అందరివీ షిఫ్టు బతుకులే. ఏ వేళకి ఎవరింట్లో ఎవరు తిండికి కూర్చుంటారో తెలియదు కాబట్టి రుబ్బిన పిండికి గిరాకీ బాగానే ఉండేది. రోటి ముందు కూర్చుంటే రాయి తిప్పుతూనే వీధంతటికీ సలహాలు చెప్పేది.

అలా తిప్పి తిప్పి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇంకొన్నాళ్ళు రోలు తిప్పితే ఆ చెయ్యి పనికిరాకుండా పోతుందని డాక్టరు చెప్పేశాడు. "మరి పిండెవులు రుబ్బుతారు, నువ్వా?" అని ఆయన్నే అడిగి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎవరో చెప్పారు, ఒంటరి ఆడవాళ్ళకి ప్రభుత్వం వడ్డీ లేకుండా అప్పిస్తోందని, దాంతో కరెంటు గ్రైండరు కొనుక్కోవచ్చని. అత్త ఎగిరి గంతేసింది. మర్నాటికి మా వీధిలో నాలుగో ఇంటావిడ వచ్చి ఆ గంతు మీద నీళ్ళు పోసింది. "పింఛనీ తీసుకున్నోలు లోనడిగితే పింఛనీ కోసేస్తారంట. తెల్లకార్డు కూడా ఎల్లిపోద్దంట. తగరపువలసలో ఎవులికో అలగే అయిపోనాదంట" అంది. ఆ ఎవులో ఎవరో ఈనాటికీ తెలియలేదు. కానీ ఆ మాటతో అత్త రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. గ్రైండరు రాకపోతే చెయ్యి పోతుంది. పింఛను పోతే ఇద్దరి కూడు పోతుంది.

మూడో రోజు నన్ను పిలిచింది. "నీకు రాత బాగా వచ్చు గదా. పద, అడిగేద్దాం. అడిగితే పోయేది బస్సు టిక్కెట్టే."

ఆ ఆఫీసు ఏదో చెప్పను. ఒక హాలు, హాల్లో ఆనించి వేసిన రెండు బల్లలు. ఒక బల్ల దగ్గర పింఛన్ల గుమస్తా, రెండో బల్ల దగ్గర లోన్ల గుమస్తా. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో టీ తాగుతారు. ఏడేళ్ళుగా పక్కపక్కనే కూర్చున్నారట. కానీ ఒకరి బల్ల మీద ఏ కాగితముందో ఇంకొకరికి తెలియదు.

లోన్ల గుమస్తా దరఖాస్తు చూసి, "ఆదాయం లేదని రాశారేంటమ్మా? ఆదాయం లేకపోతే అప్పెలా తీరుస్తారు? రాయండి" అన్నాడు. నేను కలం తీశాను. పక్క బల్ల మీంచి పింఛన్ల గుమస్తా తలెత్తి, "ఆదాయం ఉందని రాస్తే పింఛనెలా ఇస్తామమ్మా? కొట్టేయండి" అన్నాడు. నేను కొట్టేశాను. ఇటు బల్ల రాయమంటుంది, అటు బల్ల కొట్టేయమంటుంది. మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేసేసరికి ఆ గడిలో చిన్న చిల్లు పడింది.

అత్త ఆ చిల్లులో వేలు పెట్టి చూసింది. "కోడలా, కొత్త కాగితం తీ. ఉన్నది రాసీ" అంది.

"ఉన్నదంటే ఏం రాయను అత్తా?"

"సెయ్యి నొప్పి నేని రోజున కొంత ఉంతాది, నొప్పున్న రోజున ఉండదు. అదే రాయి."

అదే రాశాను. ఆదాయం అన్న గడిలో పట్టక అంచు దాకా పాకింది: 'చెయ్యి నొప్పి లేని రోజుల్లో కొంత.' ఇద్దరు గుమస్తాలూ ఆ కాగితాన్ని చెరొక పక్కా పట్టుకుని చదివారు. అలాంటి ఆదాయం వాళ్ళ సర్వీసులో చూసి ఉండరు. ఎంక్వయిరీకి వస్తామన్నారు, ఇద్దరూ, వేరువేరుగా.

దరఖాస్తుకి గ్రైండరు కొటేషన్ కావాలంటే పాత టౌన్లో సామాన్ల కొట్టు నడిపే భాయ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన నవ్వుతూ రాసిచ్చాడు. గడువు అయిపోయిందని ఆఫీసు వెనక్కి పంపితే మళ్ళీ రాసిచ్చాడు. మూడోసారి వెళ్ళినప్పుడు కళ్ళజోడు తీసి, "అరే అమ్మా, మీ కాగితం తిరిగేలోపల ఆ మోడలే పోయింది. కొత్తది రాస్తాను, దీంట్లో రాళ్ళు ఇంకా గట్టివి" అన్నాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఎంక్వయిరీ రోజు సంగతి తలుచుకుంటే ఈ దుఃఖంలో కూడా నవ్వొస్తోంది, క్షమించండి.

పింఛన్ల గుమస్తా పొద్దున్న, లోన్ల గుమస్తా మధ్యాహ్నం వస్తారని కబురు. నాలుగో ఇంటావిడ పెత్తనం తీసుకుంది. పొద్దున్న ఇల్లు బోసిగా ఉండాలి, పేదరికం కనబడాలి. మధ్యాహ్నానికి నిండుగా ఉండాలి, అప్పు తీర్చే స్తోమత కనబడాలి. అందుకని పొద్దున్నే అత్త టీవీ, టేబుల్ ఫ్యాను, స్టీలు బిందెలు మా ఇంట్లోకి చేరెయ్యాలని, మధ్యాహ్నం వాటితోపాటు మా బీరువా కూడా అత్త ఇంట్లో పెట్టాలని ప్లాను. అత్తకి ఇది ఇష్టం లేదు. "ఇదేటి నాటకం" అంటూనే ఉంది. వినేదెవరు?

గుమస్తాలిద్దరూ పెట్రోలు కలిసొస్తుందని ఒకే స్కూటరు మీద వచ్చారు, అదీ పొద్దున్నే, చెప్పిన టైముకి గంట ముందు.

స్కూటరు సందులోకి తిరిగేసరికి నాలుగో ఇంటావిడా ఇంకొకావిడా టీవీని చెరోవైపు పట్టుకుని నడి వీధిలో ఉన్నారు. వెనకాల నేను, చంకలో టేబుల్ ఫ్యాను, చేతిలో బిందె. ఎవరమూ కదల్లేదు. నాలుగో ఇంటావిడ టీవీ దించకుండానే, "ఊరికే గాలికి తిప్పుతన్నాం బాబూ" అంది.

అప్పుడు ఇంట్లోంచి ముసలమ్మ గొంతు వినబడింది, వీధి వీధంతా వినేలా. "ఒలే కోడలా, మన టీవీ ఎవులెత్తుకెల్పోతన్నారే? పాట మద్దిలో ఆగిపోనాదేటి?"

అత్త గుమ్మంలోకి వచ్చింది. మమ్మల్నీ స్కూటర్నీ చూసింది. "అన్నీ ఎక్కడివక్కడ పెట్టండర్రా" అంది. పెట్టాం. గుమస్తాలిద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది. టీవీ పెట్టింది. తెర నిండా చినుకులు, పాట మాత్రం ఖణేల్మని వస్తోంది.

"మా ఆయనున్నప్పుడు కొన్నది బాబూ. బొమ్మ పోనాది, మాటే వస్తాది. మా అత్తకి బొమ్మతో పనేటి?" అంది. తర్వాత కుడి చెయ్యి పైకెత్తి చూపించబోయింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. "పింఛనీ మా ఇద్దరి కడుపుకి. లోను ఈ సేతికి. కడుపుకి పెట్టినోలు సెయ్యి అక్కర్లేదంతారేటి? అలగని రూలుంటే సూపించండి, నాను లోనడగను. రూలు నేకపోతే నేదని సెప్పండి."

పింఛన్ల గుమస్తా లోన్ల గుమస్తా వైపు చూశాడు. "రూలుంది కదండీ?"

"మీరే కదండీ ఉందన్నారు?"

"నేనెప్పుడన్నాను? మీ బల్ల దగ్గరే విన్నాను."

ఏడేళ్ళ తర్వాత ఇద్దరూ మొదటిసారి ఆఫీసు పని గురించి మాట్లాడుకోవడం మేం చూశాం. అత్త ఇద్దరికీ దోసెలు వేసింది. తినకూడదేమోనని వాళ్ళు తటపటాయిస్తే, "రూలుందేటి?" అని అడిగింది. తిన్నారు.

వారం తర్వాత పై ఆఫీసరు మేడం దగ్గరికి పిలిచారు. ఆవిడ ఫైలు మొత్తం చదివింది. చెయ్యి నొప్పి లేని రోజుల ఆదాయం దగ్గర ఆగి పెదవి కొరుక్కుంది. పింఛను తీసుకునేవాళ్ళు ఈ అప్పు అడగకూడదని తన దగ్గరున్న ఉత్తర్వుల్లో ఎక్కడా లేదనీ, అప్పు ఆదాయం కిందకి రాదనీ చెప్పి ఎర్ర సిరాతో ఫైల్లో రాసింది. మేం దండం పెట్టి లేచాం. అత్త లేవలేదు.

"అమ్మా, ఆ ముక్క నాకో కాగితం మీద రాసిచ్చీ. రేపు నువ్ బదిలీ అయిపోతావు, ఈ బల్లలు ఇక్కడే ఉంతాయి."

మేడం మొదటిసారి పైకే నవ్వింది. రాసి, స్టాంపు వేసి ఇచ్చింది. అత్త ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి భర్త ఫొటో పక్కన మేకుకి తగిలించింది.

గ్రైండరు వచ్చింది. మొదటి వాయి పిండి రెండు డబ్బాల్లో పెట్టుకుని ఆఫీసుకి నన్ను బయల్దేరదీసింది. గుమస్తాలు కంగారుపడి చేతులు అడ్డం పెట్టారు, ఇలాంటివి తీసుకోకూడదమ్మా అని. "ఊరికే ఎవులిచ్చినారు బాబూ? డబ్బులియ్యండి" అంది. ఇచ్చారు. ఆ ఇద్దరూ బదిలీ అయ్యేదాకా ఆమె పిండే కొన్నారు.

వాయిదాలు ఒక్కటి తప్పకుండా కట్టింది. భుజం పూర్తిగా తగ్గలేదు గానీ తల దువ్వుకునేంత పైకి లేచింది. ముసలమ్మ ఆ ఇంట్లోనే, పాట వింటూ, ఏ బాధా లేకుండా వెళ్ళిపోయింది. తర్వాత ఒక రోజు అత్త నన్ను మళ్ళీ ఆఫీసుకి లాక్కెళ్ళింది. ఒక్క పొట్టే కదా, పిండి మీద గడిచిపోతోంది, పింఛను ఆపేసి ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పడానికి. బల్ల దగ్గర కొత్త కుర్రాడు. అలమరంతా వెతికి, "ఆపడానికి ఒక్క ఫారమే ఉందమ్మా, మనిషి పోయినప్పుడు ఇచ్చేది" అన్నాడు.

"అయితే బేగి సచ్చిపోమంతావేటి బాబూ?"

ఆ కుర్రాడు లేచి నిలబడి మరీ క్షమాపణ చెప్పాడు. దారంతా నవ్వుతూనే వచ్చింది. ఆ నెల నుంచి పింఛను డబ్బులు బస్సు టిక్కెట్లకి పెట్టింది. తన టిక్కెట్లకి కాదు. ఆనందపురం నుంచి, ఇటు మా చుట్టుపక్కల నుంచి, ఎవరో ఒక ఆడమనిషి కొంగు నలుపుకుంటూ వచ్చేది. లోనడిగితే పింఛను పోతుందట కదా అని. "పోదు. రా, నాను సూపిస్తాను" అని మేకుకున్న కాగితం తీసేది. దరఖాస్తులు రాసేది నేను. ఎన్ని రాశానో గుర్తు లేదు. నా రాత గుండ్రంగా ఉంటుందని మా ఆయన ఇప్పుడు మెచ్చుకుంటాడు గానీ, ఆ గుండ్రం ఆమె పెట్టిన భిక్ష. గీతలు దాటి రాయడం కూడా ఆమే నేర్పింది. "గడి సిన్నదైతే మన తప్పేటి? పక్కకి రాయి" అనేది.

పోయే ముందు గురువారం కూడా వెళ్ళింది. ముసురు పట్టింది. కొత్తగా భర్త పోయిన పిల్లొకతి, పాతికేళ్ళు కూడా ఉండవు, బస్టాపులో తల దించుకుని నిలబడి ఉంది. అత్త ఆ పిల్ల మణికట్టు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ బస్సెక్కి, కండక్టరుతో దెబ్బలాడి కిటికీ సీటు సంపాదించి, పిల్లని కూర్చోబెట్టి తను పక్కన ఇరుక్కుంది. దింపడానికి వెళ్ళిన నేను గొడుగు కింద నిలబడి చూస్తున్నాను. బస్సు కదిలింది. అత్త ఆ పిల్ల ఒడి మీంచి వంగి, తల సగం బయటికి పెట్టి, వానలో చెయ్యూపుతూ అరిచింది.

"కోడలా! పిండి పులిసిపోద్ది, ఫ్రిజ్జిలో పెట్టీ!"

పక్కన ఆ పిల్ల, అంతసేపూ దించిన తల ఎత్తి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.