మునెమ్మ ఆపని మిషను

జూన్ మూడు, మంగళవారం. ఉన్నవారు: యజమాని చెంగల్రాయులు, నేను, గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మునెమ్మ.

పై వరుస నా పాత డైరీలో ఒక పేజీ మీద రాసుకున్నది. ఇవాళ చిత్తూరు రోడ్డులో వరుసగా నిలిచిన మామిడి ట్రాక్టర్ల పక్కనుంచి నడిచి వస్తుంటే, ఎండకు మగ్గిన తోతాపురి వాసన తగిలింది. రిటైరై ఇన్నేళ్లయినా ఆ రోజు గుర్తొచ్చింది. ఇంటికి రాగానే ఈ పేజీ వెతికి తీశాను.

చెంగల్రాయులుగారికి పుత్తూరులో మిషన్లు తయారుచేసే చిన్న షెడ్డు ఉండేది. నేను అక్కడ డ్రాయింగులు గీసేవాణ్ణి. ఏ మిషనైనా షెడ్డు దాటే ముందు, రేపు దానిమీద పనిచేయబోయే మనిషినే పిలిపించి, నడిపించి చూసేవారు ఆయన. అంతసేపూ గీసినవాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి, నోరు విప్పకూడదు. పక్కనుండి చెప్పి చేయిస్తే తప్పు బయటపడదని ఆయన పట్టుదల. నాకది దండగ పనిగా తోచేది.

ఆ రోజు వంతు మామిడి గుజ్జు తీసే మిషనుది. ఆపే ఎర్ర బటన్‌ను చేతికందే చోటే, అరచేయంత పెద్దదిగా పెట్టాను. ఆయన లోపలి బ్లేడ్లు తీయించి, పళ్లతోపాటు ఒక పాత గుడ్డను తొట్టిలో వేశారు.

"నీ కొంగు సిక్కిందనుకోమ్మా. ఏం జేస్తావో జెయ్యి" అన్నారు.

గుడ్డ లోపలికి జారింది. మునెమ్మ బటన్ ముట్టుకోలేదు. రెండు చేతులూ తొట్టిలో పెట్టి గుడ్డను లాగసాగింది. మోచేతులదాకా లోపలికి పోయాయి. బ్లేడ్లు లేవని తెలిసినా, వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి ఒక అడుగు ముందుకు వేశాను. చివరికి ఆయనే మెయిన్ స్విచ్ ఆపారు.

"బటన్ కనపడలేదామ్మా?"

"కనపడింది సామీ. దాన్ని మేం ముట్టుకోకూడదు గదా. మిషను నిలబడితే సూపర్‌వైజరు అందరి ముందరా తిడతాడు. గుడ్డే గదా, లాగితే వస్తాది."

ఆయన నా వైపు తిరిగారు. "బటన్ బాగానే ఉండాదప్పా. ఈయమ్మ భయం యాడుండాదో నీ బొమ్మలో సూపించు."

ఆయన మునెమ్మను పిలిపించకపోతే ఆ సాయంత్రమే, బ్లేడ్లతో సహా, ఆ మిషను లారీ ఎక్కేది. ఆ తర్వాత ఎన్ని వందల డ్రాయింగులు గీశానో, ప్రతి దాని మీదా సంతకం పెట్టే ముందు ఆ మోచేతులు కనబడేవి. ఇప్పటికీ కనబడతాయి.

ఆ మరునాడు పొద్దున తొట్టి ముందర నడుమెత్తున ఒక ఇనుప కడ్డీ బిగించాం. మనిషి లోపలికి వంగితే చాలు, పొట్ట తగిలి మిషను ఆగిపోతుంది. మునెమ్మను మళ్లీ పిలిచారు. గుడ్డ జారింది. ఆమె మళ్లీ చేతులే చాచింది. కడ్డీ కదిలి మిషను ఆగింది. మునెమ్మ గబుక్కున రెండడుగులు వెనక్కి వేసి, భయంగా చుట్టూ చూసింది.

"నేను ఆపలేదు సామీ" అంది.