నోటీసు దగ్గు

కోర్టు నోటీసులు ఇంటింటికీ తిరిగి ఇచ్చే ఆ బంట్రోతుకు వీధి మలుపులోనే దగ్గు వస్తుంది. అది వినగానే నోటీసు అందుకోవలసిన పెద్దమనుషులు వెనక గుమ్మంలోంచి జారుకుంటారు. "నీకంటే ముందు నీ దగ్గు డ్యూటీ ఎక్కుతుందయ్యా!" అని గుమాస్తా ఎగతాళి చేస్తే, పాపం, సిగ్గుపడి చొక్కా గుండీలు సవరించుకుంటాడు.

మొన్న ఎండలో కూడా పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కున్న ఒకమ్మాయి కోర్టుకు వచ్చింది. ఆమెను కొట్టే మొగుడు ఇక దగ్గరికి రాకూడదని, అతనికి ముందుగా కబురు పెట్టకుండానే జడ్జిగారు అత్యవసరంగా ఆర్డరిచ్చారు. అయితే కాగితం అతని చేతిలో పడితేనే అది పనిచేస్తుంది.

"ఆయన దొరకడు బాబాయ్."

"దొరక్కేం తల్లీ!" అన్నాడు బంట్రోతు గాని, చెయ్యి గొంతు మీదికి పోయింది.

ఆ సాయంత్రం బుగ్గన లవంగం పెట్టుకుని, దగ్గు దిగమింగుకుంటూ వీధంతా నడిచాడు. మొగుడు ఏమరుపాటున తలుపు తీశాడు. కాగితం చేతిలో పెట్టి సంతకం చేయించుకునేసరికి ఈయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మలుపు దాటాక అమ్మాయికి ఫోన్ చేశాడు. నోరు తెరిస్తే దాచుకున్న దగ్గంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"అందిందా బాబాయ్?"

దగ్గుల మధ్య ఎలాగో ఒక్క "ఊఁ" బయటపడింది.

అమ్మాయి, "ముందు మంచినీళ్లు తాగండి బాబాయ్" అంది.