పొగగొట్టం కన్నాలు

కౌలాలంపూర్‌లో మా పాత ఇంటి ఏసీ గొట్టం కారుతోందని మెకానిక్ వచ్చి అతుకులు వేస్తున్నాడు. ఆ రబ్బరు జిగురు వాసనకు అక్కడ నిలబడలేకపోయాను.

నా చిన్నప్పుడు, మలయాలో తెల్లదొరల సైన్యం కమ్యూనిస్టు గెరిల్లాలతో పోరాడిన ఎమర్జెన్సీ రోజుల్లో, మావాళ్లు కూలి చేసే రబ్బరు తోట చుట్టూ ముళ్లకంచె ఉండేది. వంటింటి రేకు పొగగొట్టం కన్నాల్లోంచి వచ్చే పొగకే అమ్మ దగ్గుతోందనుకునేదాన్ని. అమ్మను అయ్య లారీలో టౌను ఆస్పత్రికి తీసుకెళ్లాక, గుడ్డపీలికలు రబ్బరు పాలలో ముంచి గొట్టమంతా చుట్టేశాను.

వారానికి అయ్య ఒక్కడే తిరిగొచ్చాడు.

"అయ్యా, కన్నాలన్నీ మూసేసినాను. అమ్మనెప్పుడు తెస్తావు?"

అయ్య గొట్టం మీద చెయ్యి వేశాడు.

"ఇంకేటైనా మిగిలిపోనాదేమో సూద్దాం రా అమ్మా."

పొద్దు వాలేదాకా నాతోపాటు ఆ గొట్టాన్ని తడుముతూనే ఉన్నాడు. ఆ చేతులు అప్పటికే అమ్మకు కొరివి పెట్టి వచ్చాయి.