నాగమల్లి వేరు

నందిగామ శివారు పేటలో తామర పట్టినవాళ్ళు ముందు జయమణి గుమ్మమే తొక్కుతారు. పత్తి చేలల్లో చెమటకు నాని, నడుం చుట్టూ బిళ్ళలు బిళ్ళలుగా పాకిన చోట గోక్కుంటూ వస్తారు. ఆమె తలుపేసుకుని ఏదో వేరు నిమ్మరసంతో నూరి రాస్తుంది. అదేం వేరో చెప్పదు. చెబితే హస్తవాసి పోతుందని అత్తగారు ఒట్టు వేయించుకుంది మరి.

జగ్గయ్యపేటలో ఎమ్మెస్సీ చదివే చెల్లెలి కూతురు కృపాజ్యోతి, ఆ మందును కాలేజీ ల్యాబులో పరీక్ష చేస్తానంది. జయమణి కాదనలేక ఆకులు ఎండబెట్టి, పొడి చేసి ఇచ్చింది. వేరు దాచుకుంది. మొక్క ఒకటే కదా, ఆకైతేనేం అనుకుంది.

పది రోజులకు కృపాజ్యోతి వచ్చి ఫోనులో ఫొటో చూపించింది. గాజు పళ్ళెం నిండా తెల్లటి బూజు.

"ఇదే తామర, పెద్దమ్మా. నీ పొడి వేసినా పెళ్ళి పందిట్లో కూర్చున్నట్టు ఎంత హాయిగా కూర్చుందో చూడు!"

తెల్లారగట్ల మంచులో విచ్చిన పత్తి చేనులా ఉందది. ఇన్నేళ్ళూ తాను తరిమింది ఇంత అందమైనదాన్నా అని జయమణి అలా చూస్తూ ఉండిపోయింది.

"పనిచెయ్యదని రాసేస్తున్నా. ఇంకెవరూ దీని జోలికి రారులే."

నోరు విప్పితే తన హస్తవాసి పోతుంది. విప్పకపోతే మందే పోతుంది.

"ఆకు కాదే," అంది చివరికి. "నాగమల్లి వేరు."

అని, అరచేతిలోంచి ఏదైనా ఎగిరిపోతుందేమోనని చూసుకుంది.

"అయ్యో పెద్దమ్మా! మా హాస్టలు గోడ పక్కన పొదలు పొదలుగా ఉంది. దీనికా తలుపేసుకున్నావు?"

మరో రెండు వారాలకు జయమణే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళింది. మూత పెట్టిన పళ్ళెంలో, వేరు రసం పోసిన చోట చుట్టూ తేరిన నీటిలా తేటగా ఉంది. బూజు ఆ దరిదాపుల్లోకి రాలేదు.

"పళ్ళెంలో పనిచేసింది పెద్దమ్మా. ఒంటి మీద సంగతి ఇంకా తేలాలి."

"తవ్విందెవరు?"

"నేనే."

"నూరింది?"

"అదీ నేనే. ఏం?"

జయమణి తిరుగు బస్సులో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కిటికీ బయట మిరపచేలు ఎర్రగా తేలిపోతున్నాయి. ఆ చేతుల్లో ఎప్పుడూ ఏమీ లేదన్నమాట. అది దిగులో, బరువు దిగిన హాయో తెలియక మగతగా కళ్ళు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే పత్తి చేలో పనిచేసే సొలొమోను నడుం గోక్కుంటూ వచ్చాడు. జయమణి అతన్ని పెరట్లో నాగమల్లి మొక్క దగ్గరికి తీసుకెళ్ళి, గునపం చేతికిచ్చింది.

"తవ్వు. ఆకు ఎలా ఉందో సరిగ్గా చూసుకో."