నలభయ్యో నాటి గోధుమలు

2021 ఫిబ్రవరి 26, శుక్రవారం. రాత్రి నానబెట్టిన గోధుమలు పొద్దున్నే ఉడికించి, నీళ్ళు వార్చి, పాత పంచె మీద ఆరబోశాను. దానిమ్మకాయలు ఒలిచాను. నువ్వులు, బాదంపప్పు వేయించాను. బట్టలు ఉతికి బాల్కనీలో ఆరేశాను. కోనసీమలో ఉన్న అక్క కూతురికి ఫోను చేశాను, ఎత్తలేదు. వంటగది కడిగి మళ్ళీ చేశాను, ఎత్తలేదు.

ఇక్కడ దుబాయ్‌లో మా పక్క గది అక్క పోయి ఈరోజుకు నలభై రోజులు. ఆస్పత్రి నుంచి కబురు వచ్చినప్పుడు నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. అవతలి మనిషి హిందీలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు. తాలింపు మాడి, పొగ హాలంతా నిండేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

కరోనాతో పోయినవాళ్ళను ఊరికి పంపే వీల్లేదన్నారు. జెబెల్ అలీ వైపు శ్మశానంలో పూడ్చారు. వెంట వెళ్ళిన మావారిని గేటు దగ్గరే ఆపేశారు. చివరి చూపు ఎవరికీ దక్కలేదు. మాకు మిగిలింది ఆస్పత్రి మంచం మీది నుంచి ఆమె పంపిన వాయిస్ మెసేజి. రొప్పుతూ మాట్లాడింది.

"చెల్లెమ్మా, నాకేదన్నా అయితే నలభయ్యో రోజున గోదుమలు వొండు. తిన్నోళ్ళచేత ఆ మాట అనిపించు. మా పిల్లచేత అనిపిత్తే సాలు. ఇంకేటీ వొద్దు."

ఆ మాట ఏమిటో చెప్పాలంటే సైప్రస్ సంగతి చెప్పాలి. ఇక్కడ సత్వా పేటలో మా ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకుని ఇళ్ళలో వంటపని చేయకముందు, అక్క చాలా ఏళ్ళు ఆ ద్వీపంలో ఒక ముసలామెను కనిపెట్టుకుని ఉండేది. అక్కడ ఎవరైనా పోతే ఉడికించిన గోధుమల్లో దానిమ్మగింజలు, బాదం, నువ్వులు, ఎండుద్రాక్ష కలిపి చర్చిలో పంచుతారు. తిన్నవాళ్ళు "దేవుడు క్షమించుగాక" అనాలి. పోయినవాళ్ళ తప్పులు అంతటితో బతికినవాళ్ళు వదిలేసినట్టు.

మా ఇంట్లో దిగిన మొదటి ఏడాది అక్క ఇలాగే వండి, వంటగట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. మావారు అది నేను చేసిన ప్రసాదం అనుకున్నారు. కప్పుడు తీసి వినాయకుడి ముందు పెట్టి, హారతి ఇచ్చి, కళ్ళకద్దుకుని తిన్నారు. అక్క తల తుడుచుకుంటూ వచ్చి చూసి గుమ్మంలోనే కూలబడింది.

"మరిదిగారూ, అది సచ్చిపోయినోళ్ళ పేరున పెట్టేదండి. మా ముసలమ్మకి వొండేను."

మావారి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "తిన్నవాళ్ళకేమన్నా అవుతుందా?"

"ఏటీ అవదండి. ఓ మాటనాలి అంతే."

"మరి దేవుడికి కూడా పెట్టేశాను కదమ్మా."

"పోన్లెండి. ముసలమ్మ సర్చిలో ఎప్పుడూ ఎనక బల్ల మీదే కూకునేది. ఇయ్యాల మీ యినాయకుడి ఎదురుగా కూకుంది."

అక్క చెబుతుంటే ఆ ద్వీపం మా వంటింటి కిటికీ అవతలే ఉన్నట్టుండేది. ఆమె ఉన్న లార్నకా ఊరి పక్కన ఒక ఉప్పు సరస్సు. ఎండాకాలం తెల్లగా ఎండిపోయి ఉప్పు తప్ప ఏమీ కనిపించదు. చలికాలం నీళ్ళొస్తే గులాబీరంగు కొంగలు వేలకు వేలు దిగుతాయి. గట్టున ఈతచెట్ల మధ్య పాత మసీదు. ఊళ్ళోనేమో రాతి చర్చి, దాని కింద లాజరు సమాధి. యేసు ప్రభువు బతికించిన లాజరు ఆ ఊరు చేరి, అక్కడే ముసలివాడై మళ్ళీ పోయాడట.

"లేసొచ్చేక ఇంక నవ్వనేలేదంట చెల్లెమ్మా. ఒక్కపాలే నవ్వేడంట. బజార్లో ఎవడో కుండ దొంగిలిత్తన్నాడంట. మట్టి మట్టిని దొంగిలిత్తందని నవ్వేడంట."

ఇది చెప్పినప్పుడల్లా తానే ముందు నవ్వేది. చపాతీలు కాల్చడం ఆపి మరీ నవ్వేది.

ఆ దేశం రెండు ముక్కలు. రాజధానిలో వీధి మధ్యలో ఇసుక బస్తాలు, పీపాలు అడ్డం ఉంటాయట. అటు టర్కీవాళ్ళు, ఇటు గ్రీకువాళ్ళు. ముసలామెది అటువైపు ఊరు. యుద్ధంలో పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలి పారిపోయి వచ్చింది. ఎన్నో ఏళ్ళకు గేట్లు తెరిచాక, అక్కను తోడు తీసుకుని తన ఇల్లు చూడడానికి వెళ్ళింది. అందులో ఉన్నవాళ్ళూ ఇటువైపు నుంచి తరిమితే వెళ్ళినవాళ్ళే. ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఆమె నాటిన చెట్టువే నిమ్మకాయలు సంచిలో వేసి ఇచ్చారు. తిరిగి వస్తుంటే బస్సులో అక్క అడిగిందట, కోపం పోయిందా మామ్మా అని.

"పోలేదు. కాఫీ బాగుంది" అందట ముసలామె.

అక్క ఈ మాట ఎప్పుడు గుర్తుచేసుకున్నా కూతురి దగ్గరే ఆగేది. "మా పిల్లని కూడా ఎదురుగా కూకోబెట్టుకుని ఓపాలి కాఫీ ఇవ్వాలి చెల్లెమ్మా. కోపం పోకపోయినా పర్లేదు."

భర్త పోయాక, పలకా బలపం పట్టే వయసు కూతుర్ని అత్తగారికి అప్పగించి అక్క సైప్రస్ విమానం ఎక్కింది. అక్కడ ముసలామె పోయి వీసా అయిపోతే నేరుగా దుబాయ్ వచ్చింది. ఆ పిల్ల పెద్దమనిషైనప్పుడు లేదు, నానమ్మ పోయినప్పుడు లేదు, పెళ్ళి ఫోనులో చూసింది. ఆ తరవాత కూతురు మాట్లాడడం మానేసింది. "దానిది న్యాయమేలే" అనేది అక్క, ఎవరు అడిగినా.

అక్క పోయిన సంగతి ఆ పిల్లకు చెప్పింది నేనే. విని అంది: "తెలిసిన మనిషి పోతే ఏడుపొత్తది పిన్నిగారూ. నాకు రావట్లేదు. ఏం సెయ్యమంటారు?"

మధ్యాహ్నం హాలులో తెర కట్టుకుని అద్దెకుండే జగిత్యాల తమ్ముడు నిద్ర లేచాడు. శుక్రవారం ఒక్కటే అతనికి సెలవు. నేను గిన్నె ముందు కూర్చుని ఫోను చూస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎత్తుతలేదా అక్కా?"

"లేదు తమ్ముడూ. ఈ పూట దాటితే నలభై కూడా దాటిపోతుంది."

"నాకు పెట్టు. నేను తింట." దోసిట్లో పోయించుకుని, తిని, గోడకేసి చూస్తూ అన్నాడు: "దేవుడు మాఫ్ చెయ్యాలె అక్కను. జరమొచ్చిన్నాడు నాకు గంజి కాసిచ్చింది. ఆమెకేం తప్పులుంటయ్?"

మావారు తిన్నారు, ఆ మాట అన్నారు. గిన్నెలో సగం అలాగే ఉంది. మేం ఇద్దరు ముగ్గురం ఎంత తిన్నా, కూతురు అనందే అది నిండే లెక్క కాదని నాకు తెలుసు. మళ్ళీ ఫోను చేశాను. మళ్ళీ. ఎండ ఎదురు మేడ పైకి ఎక్కేసింది. మసీదులో అజాన్ అయింది. చనిపోయిన మనిషి కోరిక, బతికున్న మనిషి కోపం, రెండూ న్యాయమే. మధ్యలో నేనేం చెయ్యను?

అప్పుడు ఆ పిల్లే చేసింది, వీడియో కాల్. ముఖం అక్కదే. చూడలేక కళ్ళు దించుకున్నాను.

"ఆ మాట నేననను పిన్నిగారూ."

"సరే తల్లీ."

"ఫోను ఆ గిన్నె దగ్గర పెట్టి మీరు బయటికెళ్ళండి."

పెట్టి, వంటగది తలుపు దగ్గరికి వేసి వచ్చాను. హాలులో మేం ముగ్గురం నిలబడ్డాం. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది. పెరుగుతోంది, విరుగుతోంది, మళ్ళీ పెరుగుతోంది. ఇన్నేళ్ళూ తల్లిని ఎదురుగా నిలబెట్టి తిట్టే వీల్లేకపోయిన పిల్ల, ఆ గోధుమలను తిడుతోంది.

"తిట్టనీ. మంచిగైతది" అన్నాడు జగిత్యాల తమ్ముడు మెల్లగా.

చాలాసేపటికి నన్ను పిలిచింది. గొంతు పూర్తిగా పోయింది.

"నా బదులు మీరు తినండి పిన్నిగారూ. తిని, ఆ మాట మీరనండి. నేనింటాను."

పిడికెడు తీసుకుని తిన్నాను. అక్క పేరు చెప్పి ఆ మాట పైకి అన్నాను. అటు ఆ పిల్ల ఫోను ఎక్కడో వెల్లకిలా పెట్టేసినట్టుంది. తెర మీద కోనసీమ ఇంటి సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. కింద నుంచి ఏడుపు వినిపిస్తోంది, చిన్నపిల్ల ఏడ్చినట్టు, వెక్కుతూ. ఆమె కాల్ కట్ చేయలేదు. నేనూ చేయలేదు.

అక్కకు మేం బాకీ పడ్డ మాట, ఈ పూటతో చెల్లు.